జంటతాళ్ళ గురుతు

మూలరేవులో గొడుగూ, తోలుసంచీ, కొలత టేపూ పట్టుకుని ఒక పెద్దమనిషి దిగాడని తెలియగానే ఊరు ఊరంతా సంబరపడింది. జగ్గమ్మ ఒక్కతే ఆరబెడుతున్న చేపలను ఎక్కడివక్కడ వదిలేసి, ఇసకదిబ్బ మీదికి పరుగెత్తి, తన రెండు తాటిచెట్లకూ అడ్డంగా నిలబడింది.

ఊరు సంబరపడిందంటే పడదూ మరి! మూలరేవు వాళ్ళకు ఆశ పుట్టించడం అంత తేలికైన పని ఇంకోటి లేదు. చొక్కా జేబులో రెండు కలాలు కనిపిస్తే చాలు, రోడ్డు వేస్తారని ఒకడంటాడు, రేవు మళ్ళీ తెరుస్తారని ఇంకొకడంటాడు. నౌపడ స్టేషనులో దిగి, ఉప్పుమడుల గట్ల మీద ఒక పూట నడిస్తే గాని రాని ఊరు అది. ఒకప్పుడు ఓడలు వచ్చేవి. ఒలందా దేశపు డచ్చివాళ్ళు గిడ్డంగి కట్టారు, పరాసువాళ్ళు, అదే ఫ్రెంచివాళ్ళు, దాని మీద గుళ్ళు పేల్చారు, ఇంగ్లీషువాళ్ళు పటాలాన్ని దింపారు. తరవాత ఎవరి దారిన వాళ్ళు పోయారు. మిగిలింది సగం కూలిన గోడ, ఇసకలో బోర్లా పడిన ఫిరంగి, పాడుబడ్డ కస్టమ్సు బంగళా, కాసిని దొరల సమాధులు, అరవై గడప. ఈ 1968లో ఆ ఊరికి ఏడాదికొక్క కొత్త మనిషి వస్తే గొప్ప, వాడూ దారి తప్పి వచ్చినవాడే అయి ఉంటాడు.

వచ్చినాయన పేరు వేంకటాచలం. విజయనగరంలో ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి, కిందటేడే పనిలోంచి దిగిన పంతులుగారు. భార్య శ్యామలాంబ పోయి మూడేళ్ళయింది. ఇంట్లో కూర్చుంటే పొద్దు గడవక, ఈ రేవు మీద జరిగిన యుద్ధాలన్నిటినీ ఒక పుస్తకంగా రాద్దామని బయల్దేరాడు. బంగళా వసారాలో కిరసనాయిలు పొయ్యి పెట్టుకుని, తన అన్నం తనే వండుకుంటూ, ఈ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కూడా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పడిపోయిన గోడను కొలవడానికి సొంత చేతి డబ్బు పెట్టుకుని వచ్చే మనిషి ఉంటాడంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

జగ్గమ్మ అసలే నమ్మలేదు. ఆమెకు టేపు పట్టుకున్న మనిషి కొత్త కాదు. ఇరవయ్యారేళ్ళ కిందట, విశాఖపట్నం మీద జపానువాడు బాంబులు వేసి వెళ్ళిన వారానికి, ఇలాగే ఒకడు సంచీ, టేపూ పట్టుకుని వచ్చాడు. అప్పుడు ఇదే దిబ్బ మీద రెండు ముసలి తాటిచెట్లు ఉండేవి, ఊరివాళ్ళు జంటతాళ్ళనేవారు. వాటి చుట్టుకొలత కొలిచి, సున్నంతో ఒక్కో గీత పెట్టి వెళ్ళాడు. చెట్టు పన్ను కాబోలు అనుకున్నారు ఊళ్ళో వాళ్ళు. ఏటా కల్లుచెట్లకు గీతలు పెట్టేవాణ్ణి చూసిన కళ్ళు కదా, ఇంకోలా ఎలా అనుకుంటారు? మర్నాడు మధ్యాహ్నం పటాలం వాళ్ళు రంపాలతో వచ్చి రెండు చెట్లనూ కోసేశారు. అప్పటికి ఊరి నావలు సముద్రంలో ఉన్నాయి. జగ్గమ్మ మొగుడి తెప్ప కూడా సముద్రంలోనే ఉంది.

ఆ తెప్ప ఇంకా రాలేదు.

మూలరేవు వాళ్ళకు అవి చెట్లు కావు, దారి. నీటి కింద రాళ్ళున్న రేవు అది. సముద్రంలోంచి వచ్చేవాడు మహేంద్రగిరి కొన జంటతాళ్ళ నడుమకు వచ్చేలా నావను తిప్పుకోవాలి. అలా వస్తే ఇసక మీదికి వస్తాడు, బారెడు పక్కకు జరిగితే రాళ్ళ మీదికి పోతాడు. మబ్బు పట్టి కొండ కనిపించకపోయినా, పడమటి వెలుగులో ఆ రెండు చెట్లూ నల్లగా కనిపించేవి. తాతల నాటి గురుతు. చెట్లు పోయిన తరవాత కూడా ఊళ్ళో మగవాళ్ళు ఖాళీ దిబ్బ వైపు చెయ్యి చూపించి "జంటతాళ్ళు" అనే అన్నారు. లేని చెట్లను లెక్క కట్టుకునే నావలు నడిపారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు పెద్దయ్యేదాకా తాళ్ళు ఎక్కడున్నాయో తెలిసేది గాని, ఎలా ఉంటాయో తెలిసేది కాదు.

ఆ ఏడు శ్రావణంలోనే జగ్గమ్మ ముగ్గిన తాటిటెంకలు రెండు తెచ్చి, కోసేసిన మొదళ్ళ పక్కన పాతింది. తాడిచెట్టు పెరగడమంటే మాటలా? పదేళ్ళ పాటు అది నేలను విడిచి లేవనే లేవదు. ఆమె మేకలను తోలింది, కమ్మలు కోసుకుపోదామని వచ్చినవాళ్ళను ఏడు తరాలకూ సరిపడా తిట్టింది, ఉప్పుగాలికి ఒక మట్ట మాడితే దాని పక్కన కూర్చుని ఏడ్చింది. గుడిసె కూడా దిబ్బ మీదికే మార్చుకుంది. కొన్నేళ్ళయ్యాక కులపెద్దలు వచ్చి, ఇంక గాజులు తీసెయ్యమన్నారు.

"శవాన్ని సూపించండి, ఇప్పుడే తీసీస్తాను," అంది జగ్గమ్మ.

చూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. తరవాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఆమె ఎదుట మొగుడి పేరు కూడా ఎత్తలేదు. నుదుట ఇంత బొట్టూ, చేతుల నిండా గాజులూ పెట్టుకుని, మాట్లాడే మనిషి లేని గుడిసెలో ఆమెకు నలభై అయిదేళ్ళు వచ్చాయి. ఊళ్ళో ఆమెను తాళ్ళ జగ్గమ్మ అంటారు. కొందరు వెర్రి జగ్గమ్మ అని కూడా అంటారు, కాకపోతే ఆమె వినకుండా.

ఒకప్పుడు ఆమె మొగుడితో కలిసి తెప్ప వేసిన నూకయ్య ఇప్పుడు ఊరి పెద్ద. కిందటి ఏడు కార్తీకంలో అతను వేట నుంచి వచ్చి, వల కూడా దించకుండా దిబ్బ ఎక్కి, "సెల్లీ, తాళ్ళు అగుపిస్తన్నాయే! రాళ్ళ కాడినుంచి బాగా అగుపిస్తన్నాయి," అని చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమెకు సాయంకాలమయ్యేసరికి కాలు ఒకచోట నిలవడం లేదు. రెండు పిడికిళ్ళ బియ్యం ఎక్కువ వండుతోంది. చెట్లు కనిపించక దారి తప్పినవాడు, చెట్లు కనిపిస్తే వస్తాడు. ఇరవయ్యారేళ్ళు ఒక మనిషి సముద్రంలో ఎలా ఉంటాడని ఆమె తనను తను అడగలేదు. అడిగేవాళ్ళూ లేరు.

ఇంతలో టేపు మనిషి మళ్ళీ వచ్చాడు.

పంతులుగారిది ఒక పద్ధతి. దేన్నయినా కొలవడం పూర్తయితే, మళ్ళీ అదే కొలవకుండా, దాని మీద సుద్దముక్కతో గీత గీసి, కింద ఒక అంకె వేస్తాడు. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషి, సుద్ద అంటుకోకపోతే ఆ చేతికి పని చేసినట్టే ఉండదు. మొదటి రోజు ఫిరంగి మీద గీత పడింది. రెండో రోజు సమాధుల మీద వరసగా పడ్డాయి. జగ్గమ్మ దిబ్బ మీదినుంచి చూస్తూనే ఉంది. తెల్లటి గీత, దాని పక్కన ఇంకో తెల్లటి గీత, ఒక్కొక్కటే ఉత్తరంగా, తన వైపే వస్తున్నాయి. ఆ రెండు రోజులూ ఆమెకు కూడు సయించలేదు.

మూడో రోజు పొద్దున్నే తనే ఎదురువెళ్ళింది. ఆయన్ని ఎలాగైనా ఇంకో వైపు మళ్ళించాలి.

"ఏటి బాబూ, యుద్దాలు జరిగిన సోట్లు ఎతుకుతన్నారట?"

"అవునమ్మా. నీకేమైనా తెలుసా?" పంతులుగారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"తెలవకేటి! పెద్ద యుద్దం అదిగో, ఆ దచ్చినం కొసన జరిగింది, మొగిలిపొదల అవతల. పరాసోళ్ళూ ఇంగిలీసోళ్ళూ మూడు రోజులు కొట్టుకున్నారు. నెత్తురు పారి ఉప్పుమడులు ఎర్రగయిపోనాయట. మా ముత్తవ్వ సెప్పేది."

"మూడు రోజులా! ఏ కాగితంలోనూ లేదే!"

"కాయితాలకేటి తెలుస్తాది బాబూ? ఇటు ఉత్తరాన ఏటీ నేదు. ఒట్టి ఇసక."

దక్షిణపు కొసన ఏ యుద్ధమూ జరగలేదు. అక్కడికి ఊళ్ళో మగవాళ్ళు తెల్లవారుజామున చెంబు పట్టుకుని వెళ్తారు. పంతులుగారు గొడుగు విప్పుకుని ఆనందంగా అటే వెళ్ళి, పొద్దస్తమానం మొగలిపొదల్లో తిరిగి, ముళ్ళు గీరుకున్న చేతులతో, తొక్కకూడనిది తొక్కిన చెప్పులతో తిరిగి వచ్చాడు. అయినా ముఖం వెలిగిపోతోంది. ఆయన నోటుపుస్తకంలో మూడు రోజుల దక్షిణపు పోరాటమని రెండు పేజీలు ఉన్నాయంటే ఆ పుణ్యం జగ్గమ్మదే. చరిత్రలో ఇలాంటి పోరాటాలు ఇంకెన్ని ఉన్నాయో ఎవరు చూడొచ్చారు.

నాలుగో రోజు నౌపడ సంత. ఎండుచేపలు అమ్ముకోకపోతే ఆ వారం పొయ్యి వెలగదు. మనసు మనసులో లేకుండానే జగ్గమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళింది, సగం ధరకు సరుకంతా వదిలించుకుని, ఉప్పుమడుల గట్ల మీద పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చింది. సాయంత్రపు ఎండ చెట్ల మీద పడుతోంది. ఉత్తరపు చెట్టు మొదట్లో తెల్లటి గీత, కింద అంకె. దక్షిణపు చెట్టుకు కూడా గీత, అంకె.

తట్ట ఎక్కడ పడిందో ఆమెకు తెలియదు. కొంగు తడిపి తెచ్చి గీతను తుడవడం మొదలెట్టింది. తాటి బెరడు మీది సుద్ద ఊరికే పోతుందా? గోళ్ళతో గీకింది. మొదటి చెట్టు గీత సగం కూడా పోలేదు, దిబ్బ కింద మాటలు వినిపించాయి. పంతులుగారు ఒక చుట్టిన కాగితం చంకన పెట్టుకుని వస్తున్నాడు, ఆయన వెనక నూకయ్య. జగ్గమ్మ గుడిసెలోకి దూకి చేపలు కోసే కత్తి తెచ్చింది.

"దగ్గరకొస్తే నరికీస్తాను! పంతులివైతే నాకేటి, దొరవైతే నాకేటి?"

"సెల్లీ, కత్తి దించు," అన్నాడు నూకయ్య. "ఆ బాబు సెట్లు కొట్టీడానికి రానేదే."

"అప్పుడూ ఇలగే అన్నారు! పన్ను గావాల అన్నారు! తెల్లారి రంపాలొచ్చినాయి. నువ్వూ ఇన్నావు కదా అన్నా ఆ రంపం సప్పుడు?"

నూకయ్య తల దించుకున్నాడు. పంతులుగారు ఒకసారి ఆమె చేతిలో కత్తిని, ఒకసారి చెట్టు మీద సగం చెరిగిన గీతను చూశాడు. సంచీ, గొడుగూ ఇసకలో పడేసి, జేబులోంచి చేతిరుమాలు తీసి, కత్తి ఉన్న మనిషి పక్కనుంచే వెళ్ళి చెట్టు మొదట్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మిగిలిన గీతను రుద్ది రుద్ది తుడిచాడు. తరవాత లేచి రెండో చెట్టుదీ తుడిచాడు. రుమాలు చిరిగింది.

"తప్పయిపోయిందమ్మా. ముప్పై ఏళ్ళ అలవాటు. గీతంటే నీకు ఇంత భయమని నాకు తెలియదు," అన్నాడు రొప్పుతూ.

జగ్గమ్మ కత్తి దించింది గాని, వదల్లేదు.

ఆయన చుట్టిన కాగితం విప్పి ఇసక మీద పరిచాడు, ఎగరకుండా నూకయ్య ఒక కొసన కాలి వేళ్ళు పెట్టాడు. "నూట యాభై ఏళ్ళ కిందట ఇంగ్లీషు ఓడవాళ్ళు గీసిన పటం ఇది. దానికి నకలు తీసుకున్నాను. ఇదిగో మీ రేవు. ఈ చుక్కలు నీటి కింద రాళ్ళు. ఇవిగో, ఈ రెండు గీతలేమిటో చెప్పు చూద్దాం?"

జగ్గమ్మ వంగి చూసింది. వేలెడంత ఎత్తున రెండు సన్నటి గీతలు, వాటి తలల మీద పిచ్చుకగూళ్ళలా చిన్న గీకుళ్ళు.

"తాళ్ళు," అంది.

"జంటతాళ్ళే. ఇంగ్లీషువాళ్ళ ఓడలూ వీటిని చూసుకునే వచ్చేవి, పరాసువాళ్ళవీ వీటిని చూసుకునే వచ్చాయి. పటంలో ఉన్నాయి, దిబ్బ మీదా ఉన్నాయి కదా అని ఇవాళ సంబరంగా కొలిచాను. కొలిస్తే ఇవి పాతికేళ్ళ చెట్లు. మరి పాతవి ఏమయ్యాయని నూకయ్యను అడిగాను. అప్పుడు చెప్పాడు."

ఆమె చూపుడువేలితో ఆ గీతలను ముట్టుకుంది. పటాలం వాళ్ళు కొట్టేసిన చెట్లు ఈ కాగితంలో ఇంకా నిలబడే ఉన్నాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని దొరలు ఇన్నేళ్ళుగా దాచిపెట్టారు. ఆమెకు వాళ్ళ మీద మొదటిసారి కోపం తగ్గింది.

పంతులుగారు సంచీలోంచి నోటుపుస్తకం తీశాడు. "ఆ ఏటి సర్కారు దఫ్తరంలో ఒక కాగితం ఉందమ్మా. వందల కాగితాల నడుమ రాసుకొచ్చి మరిచిపోయాను, నూకయ్య చెప్పాకే గుర్తొచ్చింది. 'శత్రువుల ఓడలకు ఆనవాలు దొరకకుండా మూలరేవు దిబ్బ మీది రెండు తాళ్ళను తీసివెయ్యడమైనది. రేవు దీపం ఆర్పివెయ్యడమైనది. ప్రాణనష్టం లేదు.'"

"ఏటన్నారు?"

"ప్రాణనష్టం లేదు అని రాశారు."

జగ్గమ్మ చెట్టుకు వీపు ఆనించి, అలాగే కిందికి జారి కూర్చుంది. కత్తి చేతిలోంచి పడిపోయింది.

ఇరవయ్యారేళ్ళ కిందట, చెట్లు కోసేసిన ఆ రోజు సాయంత్రం వాయవ్యం నుంచి మబ్బు కమ్మింది. మూడు నావలూ, ఒక తెప్పా బయట ఉన్నాయి. నూకయ్యకు జ్వరం వచ్చి పడుకుంటే, జగ్గమ్మ మొగుడు ఒక్కడే తెప్ప వేసుకుని వెళ్ళాడు. మబ్బు కింద పడమట సన్నటి వెలుగు చార మిగిలింది. తాళ్ళే ఉంటే ఆ చార మీద కనిపించేవి. ఊరి ఆడవాళ్ళంతా ఒడ్డుకు చేరి మంట వేస్తే, జపానువాడికి కనిపిస్తుందని పటాలం వాళ్ళు తొక్కి ఆర్పేశారు. ఇంక మిగిలింది గొంతు ఒక్కటే. ఒక్కొక్క ఆడదీ తన మొగుణ్ణి పిలవడం మొదలెట్టింది.

మొగుడి పేరు నోటితో ఎత్తకూడదు కదా. అందుకని పిల్లల పేర్లు పెట్టి పిలిచారు. పక్కింటి లక్ష్మణమ్మ, "ఓ గురమ్మ అయ్యా! ఇటూ... ఇటూ!" అని అరిచింది. ఇంకొకామె, "ఓ గంగులు అయ్యా!" అంది. హోరుగాలిలో తన బిడ్డ పేరు విన్న మగవాడు ఆ గొంతు వైపు తెడ్డు తిప్పాడు. అలా ఒకటీ, రెండూ, మూడు నావలూ రాళ్ళు తప్పించుకుని ఇసక మీదికి వచ్చాయి.

జగ్గమ్మకు పెళ్ళయి అప్పటికి ఎనిమిది నెలలు. పిల్లలు లేరు. ఎవరి పేరు పెట్టి పిలుస్తుంది? ఇంట్లో అయితే "ఇదిగో" అనో, "ఇన్నావా" అనో గడిచిపోయేది. ఆ హోరులో ఇదిగో అంటే ఎవడు పలుకుతాడు? ఉత్తినే "ఓ... ఓ..." అని అరిచింది. పక్కనున్న లక్ష్మణమ్మ చెయ్యి పట్టుకుని లాగింది, ఒక్కసారి తన మొగుణ్ణి పేరు పెట్టి పిలవమని. లక్ష్మణమ్మ తన కేకల్లో తను ఉంది, విననే లేదు. పేరు నాలిక చివర దాకా వచ్చింది. మొగుడి పేరు ఎత్తితే ఆయన ఆయువు తగ్గుతుందని పెళ్ళినాడు అమ్మ మరీ మరీ చెప్పింది. ఆయువు తగ్గుతుందనే భయంతో నోరు మూసుకుంది. నూకయ్య జ్వరంతో కర్ర పట్టుకుని వచ్చి పేరు పెట్టి అరిచేసరికి వెలుగు చార పోయింది, వాన దిగింది.

"నాను పిలవనేదు బాబూ," అంది జగ్గమ్మ. ఇన్నేళ్ళలో ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. "అందరూ పిలిసినారు. నానొక్కర్తినే పిలవనేదు. పిలవని మనిసి ఎలగొస్తాడు? ఎటు రావాలో తెలవక అక్కడే ఉండిపోయుంటాడు."

"నాకు ఆ జొరం రాకపోతే ఇద్దరం ఎల్లేవోళ్ళం సెల్లీ," అన్నాడు నూకయ్య, సముద్రం వైపు తిరిగి. అతను కూడా ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఒకే ఊళ్ళో, పిలిస్తే పలికేంత దూరంలో ఉంటూ, ఇద్దరూ ఎవరి తప్పును వాళ్ళు ఒంటరిగా మోసుకున్నారు.

పంతులుగారు నోటుపుస్తకం చివరి పేజీ తిప్పాడు. "ఈ రేవు యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు ఇక్కడ రాస్తున్నానమ్మా. ఇరవై మూడు దొరికాయి. అందరూ దొరలే. రాళ్ళ మీద చెక్కి పెట్టారు కనక దొరికారు. మనవాడి పేరు ఒక్కటీ లేదు. ఇరవై నాలుగోది నూకయ్య చెప్పాడు. నీ మాట లేకుండా రాయనన్నాను." ఆయన కాస్త ఆగాడు. "అప్పలసూరి. అవునా?"

ఆమె ఎదుట ఆ పేరు వినిపించి ఇరవయ్యారేళ్ళయింది. జగ్గమ్మ రెండు చేతులతో చెట్టును పట్టుకుంది.

"మల్లీ అనండి బాబూ."

"అప్పలసూరి."

"ఇంకోపాలి."

ఆయన ఇంకోసారి అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"రాసుకోనా అమ్మా?"

"సచ్చిపోయినోళ్ళలోనా?"

"అవును."

"వొద్దు," అంది వెంటనే.

పంతులుగారు కలానికి మూత పెట్టి, జేబులో పెట్టుకుని, తనూ ఇసకలో కూర్చున్నాడు. చల్లగాలి మొదలయింది. తాటికమ్మలు గలగలమన్నాయి.

"మా ఆవిడ నలభయ్యేళ్ళు నన్ను ఏమండీ అనే పిలిచిందమ్మా," అన్నాడు. "ఒక్కసారైనా పేరు పెట్టి పిలుస్తుందేమోనని చూశాను. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని అడిగాను కూడా. నవ్వి, తప్పండీ అంది. పిలవకుండానే పోయింది."

"పిలిస్తే ఆయువు తగ్గదా బాబూ?"

"ఆవిడ పిలవనందుకు నాది పెరిగింది కాబోలు. ఈ ఆయువుతో ఏం చెయ్యాలో తెలియక ఫిరంగులు కొలుచుకుంటున్నాను." ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "పిలిచి ఉంటే సంతోషించేవాణ్ణి. అంతే నాకు తెలుసు."

జగ్గమ్మ ఆయన ముఖంలోకి చూసింది. మగవాడు ఇలా అనగా ఆమె ఎన్నడూ వినలేదు. తరవాత పడమటికి చూసింది. పొద్దు కుంకింది, కాని వెలుగు ఇంకా ఉంది. చెట్లు రెండూ నల్లబడుతున్నాయి.

"అన్నా, ఇప్పుడు రాళ్ళ కాడినుంచి తాళ్ళు అగుపిస్తాయా?"

"అగుపిస్తాయి సెల్లీ. ఈ ఏలప్పుడే బాగా అగుపిస్తాయి," అన్నాడు నూకయ్య.

ఆమె లేచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, దిబ్బ దిగింది. ఎవరూ ఆపలేదు. తడి ఇసక దాటి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. నోరు తెరిచింది. "అప్ప..." అని ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అనకూడదనుకున్న మాట ఊరికే వస్తుందా? ఒక అల వచ్చి నడుము దాకా తడిపి వెళ్ళింది. ఆమె ఊపిరి తీసుకుంది.

"అప్పలసూరీ!"

గొంతు బొంగురుగా, కొత్తగా ఉంది. రెండోసారి కాస్త తెరుచుకుంది.

"ఓ అప్పలసూరీ! ఇటూ... ఇటూ! తాళ్ళున్నాయి సూడు! ఓ అప్పలసూరీ! నాను జగ్గిని! ఇటూ!"

ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. ముసలిదైపోయిన లక్ష్మణమ్మ మనవరాలి భుజం పట్టుకుని ఒడ్డు దాకా వచ్చి, విషయం అర్థమై, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు తన చెయ్యి ఎవరు లాగారో, ఎందుకు లాగారో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఎవరూ నవ్వలేదు. వెర్రి జగ్గమ్మ అన్న నోళ్ళు కూడా ఊరుకున్నాయి. ఆమె ఇరవయ్యారేళ్ళ పిలుపూ ఆ ఒక్క సాయంత్రమే పిలిచింది. గొంతు చీరుకుపోయి, గాలి తప్ప మాట రాని దాకా పిలిచింది.

తరవాత ఆగింది. రాళ్ళ దగ్గర్నుంచి తెప్ప ఒడ్డుకు రావడానికి ఎంతసేపు పడుతుందో మూలరేవులో పసిపిల్లను అడిగినా చెబుతుంది. జగ్గమ్మ అంతసేపూ కళ్ళార్పకుండా నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది. ఎదురుగాలి ఉందేమోనని ఇంకా అంతసేపు నిలబడింది. పడమట వెలుగు పోయింది. తాళ్ళు కూడా ఇంక కనిపించలేదు.

తడిచీర కాళ్ళకు చుట్టుకుంటుంటే మెల్లగా దిబ్బ ఎక్కి వచ్చింది. పంతులుగారు లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన జేబులో కలం వైపు చూసింది.

"పిలిసినాను బాబూ," అంది. "రానేదు. రాసుకోండి."